రాబిగ్ క్యాంపులో సాగనంపే పాట

నితాఖత్ అనే మాట మా గదిలోకి వచ్చిన రోజు, మెస్సులో వండే బావ ఉల్లిగడ్డలు కోస్తూ, "నీ తాకత్ ఎంత అని అడుగుతున్నరా ఏంది?" అన్నాడు. నిజానికి సర్కారు అడిగింది అదే. కంపెనీలో సౌదీవాళ్లు ఎంతమంది ఉంటే కంపెనీకి అంత తాకత్. సరిపడా ఉంటే పచ్చరంగు, లేకపోతే ఎర్రరంగు. దాని మీద తలకింత అని లెవీ పన్ను. మా కంపెనీ పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు మామిడిపండులా మాగి, అక్కడితో ఆగకుండా కుళ్లింది. ఎర్రలో పడ్డ కంపెనీలో ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు, రెన్యువల్ కాదు. ఇఖామా పోయినవాడికి జీతం పడదు, ఇంటికి పోవడానికి ఎగ్జిట్ ముద్ర కొట్టరు, చెక్‌పోస్టు దాటబోతే పట్టుకుంటారు. "ఇఖామా అయిపోతే ఇక మా పని అయిపోయినట్టే" అని నేనో మాట విసిరాను. ఎవరూ నవ్వలేదు. నా మాటలకు నవ్వకపోవడం అంతకుముందూ ఉన్నదే కాబట్టి ఆ నష్టాన్ని లెవీ ఖాతాలో రాయలేదు.

నేను ఎర్రసముద్రం ఒడ్డున రాబిగ్ రిఫైనరీ పనుల్లో స్టోర్ చూసేవాణ్ని. బోల్టులు, గాస్కెట్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు అన్నీ ఉండేవి నా దగ్గర. ధైర్యం ఒక్కటి మాత్రం ఎప్పుడడిగినా స్టాకులో లేదు. బావ ఎవరికీ బావ కాదు, అందరికీ బావే. జగిత్యాల దిక్కు మనిషి. మేం పదిమందిమి కలిసి శుక్రవారం మధ్యాహ్నం, తిన్నాక, గది తలుపు మూసి, కిటికీకి రగ్గు కట్టి, మెల్లగా పాడుకునేవాళ్లం. మెల్లగా ఎందుకంటే మన దేవుళ్లకు అక్కడ ఇఖామా లేదు. భజనలు అయిపోతే బతుకమ్మ పాటలు. ఆడవాళ్లు పాడే పాటలు గడ్డాలు పెరిగిన మొగవాళ్లు చుట్టూ కూర్చుని పాడుతుంటే వినేవాళ్లకెట్లా ఉండేదో తెలియదు. వినేవాళ్లు ఉండకూడదనే కదా రగ్గు కట్టింది.

రగ్గు దాటి ఒకాయన విన్నాడు.

కంప్రెసర్ బాగుచేయడానికి వేరే కంపెనీ తరఫున వచ్చిన బ్రెజిల్ మనిషి. నల్లగా, పొడుగ్గా, నెరిసిన పొట్టి జుట్టుతో ఉండేవాడు. క్యాంపులో ఆ చివర ఏసీ క్యాబిన్లలో ఆయన బస. ఒక శుక్రవారం తలుపు తట్టాడు. మా అందరి గుండెలు ఒక్కసారి ఆగి, ఆయన మొహం చూసి మళ్లీ నడిచాయి. ఆయన చెప్పులు విడిచి, నీళ్ల కోసం పెట్టుకున్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఖాళీగా ఉంటే దాన్ని మోకాళ్ల మధ్యకు లాక్కుని, మేం ఆపిన చోట నుంచి వేళ్లతో దరువు అందుకున్నాడు.

"ఓ నాయనా, ఈయనకు మన దెబ్బ ఎట్ల దొరికింది?" అన్నాడు బావ.

దొరకడమేమిటి, ఆయన దగ్గర అంతకన్నా పాతది ఉంది. ఆయన ఇంగ్లీషు నా ఇంగ్లీషంత చెడ్డది, అందుకే మా ఇద్దరికీ బాగా కుదిరింది. మాటల్లో ఒక విచిత్రం బయటపడింది. మనం సబ్బు అంటే ఆయన సబావ్ అన్నాడు. తువ్వాల అంటే తువాల్య అన్నాడు. పీపా అంటే పీపా అనే అన్నాడు. ఎప్పుడో పోర్చుగీసువాళ్లు మన ఒడ్డునా వాళ్ల ఒడ్డునా ఇవే మాటలు దించిపోయారట. మా ఉమ్మడి భాష ఒక మనిషి శుభ్రంగా స్నానం చేయడానికి చాలినంత ఉంది, అంతకు మించి లేదు. పని నేర్పేవాణ్ని వాళ్ల దేశంలో మెస్త్రి అంటారని తెలిశాక ఆయన మాకు మేస్త్రి అయిపోయాడు.

మేస్త్రి పాటలు సముద్రం మీద. యెమాంజా అని వాళ్ల సముద్రపు తల్లి. వాళ్ల ఊళ్లో తెల్లబట్టలు కట్టుకుని ఒడ్డుకుపోయి, పూలు, అత్తరు, దువ్వెన, సబ్బు అలలకిస్తారట. "మా మైసమ్మకు కల్లు, మీ అమ్మకు సబ్బా! నాజూకు అమ్మ" అన్నాడు బావ. మేస్త్రికి అది అనువదించబోయి సగంలో మానేశాను.

ఆ పాట ఎట్లా ఉండేదో చెప్పడం కష్టం. ఒక గొంతు ఎత్తుకుంటుంది, మిగతా గొంతులు జవాబిస్తాయి. ఎత్తుకున్న మాట పైకి లేచి, అక్కడ కాసేపు నిలబడి, జవాబు వచ్చాక గానీ కిందికి దిగదు. అలసిపోయిన మనిషిని మరొకరు చంకలో చెయ్యేసి లేపినట్టు ఉండేది. అర్థమేమిటని అడిగాను. కొన్ని మాటలు తనకూ తెలియవన్నాడు. వాళ్ల తాతముత్తాతలను ఆఫ్రికా నుంచి గొలుసులేసి ఓడల్లో తెచ్చినప్పుడు వాళ్లతో వచ్చిన మాటలవి. "మా అమ్మమ్మ అనేది, అర్థం దారిలో మునిగింది, పాట ఈదుకుంటూ వచ్చింది అని." వాళ్ల అమ్మమ్మ కాలంలో పోలీసులు వచ్చి డోళ్లు ఎత్తుకుపోయేవారట. అప్పుడు వాళ్లు చెక్కబల్ల మీద కొట్టుకుంటూ, గొంతు తగ్గించి పాడారట. ఆ మాట చెప్పి కిటికీకి కట్టిన రగ్గు వైపు చూసి నవ్వాడు. "పాడితే ఏం వచ్చేది?" అని అడిగింది బావ కాదు, నేనే. "మరుసటి రోజు వచ్చేది" అన్నాడు మేస్త్రి.

మన పాటల్లో ఆయనకు ఒక్క మాటే పట్టుబడింది, ఉయ్యాలో. ప్రతి చరణం చివరా అది ఉంటుంది గనుక ఆయనకు పొరపాటు చేసే వీలే లేదు. ఆయన పాటకు మేం ఏమని జవాబివ్వాలో తెలియక మేమూ ఉయ్యాలో అనేవాళ్లం. యెమాంజా ఏమనుకుందో గానీ అభ్యంతరం చెప్పలేదు.

ఆ గుంపులో మేం తమ్ముడూ అని పిలిచే కుర్రాడొకడు ఉండేవాడు. స్కాఫోల్డింగ్ పని, చేతులు ఇనుపగొట్టాల్లాగే ఉండేవి. ఇఖామా అయిపోయిన నెల నుంచి మాట తగ్గించాడు. ఊళ్లో కూతురు పుట్టింది, నడక కూడా నేర్చింది. వీడు చూసింది ఫోనులోనే. పాటలప్పుడు గోడకు ఆనుకుని కూర్చునేవాడు గానీ పెదవి కదిపేవాడు కాదు.

ఒక శుక్రవారం పొద్దున నా స్టోర్ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఇయ్యాల పొద్దుగూకంగ మగ్రిబ్ నమాజ్‌కు ముందు పాకిస్తానీ డ్రైవరొకడు బండి తెస్తుండు. చెక్‌పోస్టు తప్పించి జెద్దాకు తీస్కపోతడట. బలద్‌ల దుకాన్ల మూటలు మోసే పని ఉన్నదట."

క్యాంపు వదిలి పోతే కంపెనీ హురూబ్ రాయిస్తుంది, అంటే పారిపోయాడని. ఒకసారి హురూబ్ పడితే దొంగ బతుకే. దొరికితే జైలు, వేలిముద్ర, మళ్లీ ఈ దేశం మొహం చూడడానికి లేదు. పోకుండా కూర్చుంటే ఒరిగేదీ లేదు. ఆఫీసులో ఎప్పుడడిగినా బుక్రా అనేవాళ్లు. రేపు అని అర్థం.

"పోతున్నవా మరి?"

"అమ్మనడగాలె."

అమ్మ అంటే పోచమ్మ. వీడి కన్నతల్లి శివసత్తి, ఆ పోచమ్మ ఒంటి మీదికి వచ్చే మనిషి. వాళ్లింట్లో బాయి తవ్వాలన్నా బర్రె కొనాలన్నా పోచమ్మను పిలిచి అడగందే చేయరు. వీడికీ ఊళ్లో రెండుసార్లు పూనకం వచ్చింది. చిక్కేమిటంటే, అమ్మ ఎవరి మీదికి వస్తుందో వాళ్లకు ఆ తర్వాత ఏమీ గుర్తుండదు. అడిగేవాడు, విని చెప్పేవాడు వేరే ఉండాలి.

"నువ్వు అడుగన్నా. ఏం జెప్తే గది నాకు జెప్పు. గట్లనే జేస్త."

"నేనేంరా? బావ లేడా?"

"బావ ఆయనకు నచ్చింది జెప్తడు. నువ్వు భయపడేటోనివి. అమ్మ పేరు మీద అబద్ధం ఆడవు."

జీవితంలో నా పిరికితనానికి దక్కిన గౌరవం అదొక్కటే.

మధ్యాహ్నం గది నిండింది. రగ్గు కట్టాం. బావ బఖూర్ పొగ వేశాడు. అరబ్బు ఇళ్లలో వేసే సాంబ్రాణి అది, ఎవరైనా అడిగితే గది వాసన పోవడానికని చెప్పొచ్చు. తమ్ముడు తల మీంచి నీళ్లు పోసుకుని, తడి తువ్వాలతో వచ్చి మధ్యలో కూర్చున్నాడు. బావ స్టీలు ప్లేటు మీద చెంచాతో మా ఊరి దెబ్బ చూపించాడు, జగ్గునక జగ్గునక అని. మేస్త్రి వెంటనే అందుకోలేదు.

"ఇది పిలిచే దెబ్బ కదా?" అని నన్నడిగాడు. అవునన్నాను. "పంపే పాట ఎవరికి వచ్చు?"

నేను బావను చూశాను. బావ నన్ను చూశాడు. ఊళ్లో పిలవడం అందరం చూశాం, వాకిట్లో నిలబడి అరిచాం, ఎగిరాం. అమ్మను సాగనంపేది జమిడిక వాయించే బైండ్లాయన. అప్పటికి మేం ఫలహారం దొరికే చోటికి చేరేవాళ్లం. ఒక్కరికీ రాదు.

"ఏమైతది, అదే దిగుతది" అన్నాడు బావ.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. తమ్ముడు కళ్లు మూసుకునే అన్నాడు, "కొట్టుమనుండ్రి. పొద్దు పోతున్నది."

మేస్త్రి కొట్టాడు. మెల్లగానే మొదలైంది. తమ్ముడి మెడ నరం కదలడం ముందు నేనే చూశాను. తర్వాత భుజాలు. తర్వాత నేల మీద మడమలు దడదడలాడాయి. ఒక్క ఉదుటున లేచాడు. ఆ గొంతు వాడిది కాదు.

"ఎవడ్రా నన్ను పిలిచింది! ఏడున్నరా నేను? నా గద్దె ఏది? నా బోనం ఏది?"

గది గోడలు రేకులు. ఆ కేక క్యాంపు మొత్తానికి వినపడి ఉంటుంది. బావ పొద్దుటి అన్నం టిఫిన్ డబ్బాలోకి ఎత్తి, పసుపు కలిపి, పెరుగు దొరక్క లబన్ మజ్జిగ సీసా వంచి, ముందు పెట్టాడు. "గిదే దిక్కు తల్లీ, ఎడారి దేశం, తప్పు బట్టకు."

"మాట్లాడవేంరా!" అని నన్ను మోచేత్తో పొడిచాడెవరో.

నా గొంతు పిల్లి గొంతయింది. "అమ్మా, పిల్లగాడు ఈడ్నించి పోవాల్నా, ఉండాల్నా?"

ఆ కళ్లు నా వైపు తిరిగాయి. రెప్ప కొట్టడం లేదు. "పోయేదెవడ్రా? ఉండేదెవడ్రా? నన్ను సముద్రం ఒడ్డున పారేసి…"

తలుపు దబదబలాడింది. బంగ్లాదేశ్ వాచ్‌మన్ గొంతు. "భాయ్, ముదీర్ కీ గాడీ ఆ గయీ! కమ్రా చెక్ కర్ రహా హై! ఆవాజ్ బంద్ కరో!"

ముదీర్ అంటే మా మేనేజరు. బండి దిగి గదులు చూసుకుంటూ వస్తున్నాడు, చప్పుడు ఆపమంటున్నాడు వాచ్‌మన్. ఈ వరసలో మాది చివరిది. ఆయన వచ్చేసరికి ఇఖామా లేని మనిషి ఇట్లా ఊగుతూ కనపడితే పోలీసులకు చెప్పడానికి రెండు కారణాలు దొరుకుతాయి, కూడి పాడుతున్నామని ఒకటి, వీడొకడు. మాలో సగంమంది ఇఖామాలూ అట్లాగే ఉన్నాయి. భయానికి అందరం ఒక్కసారి నోళ్లు మూసేశాం. బావ ప్లేటు ఆపేశాడు.

అదే చేయకూడనిది. దెబ్బ ఆగేసరికి తమ్ముడు నిలువునా బిగుసుకుపోయాడు. పళ్లు కరుచుకున్నాయి. ఊపిరి లోపలికి పోయిన చప్పుడు విన్నాను, బయటికి వచ్చిన చప్పుడు వినలేదు. నిమ్మకాయ అన్నారొకరు, వేపమండ అన్నారొకరు. వేపచెట్టు ఉంది, గేటు దగ్గర, ముదీర్ కారు పక్కనే. నలుగురు పట్టినా ఆ చేతులు వంగలేదు. రెండు గదుల అవతల తలుపు తెరిచి మూసిన చప్పుడు.

మేస్త్రి డ్రమ్మును తన పొట్టకు హత్తుకున్నాడు, చప్పుడు బయటికి పోకుండా. అరచేయి కాకుండా వేళ్ల కొసలతో కొట్టడం మొదలుపెట్టాడు. తమ్ముడి మడమల దడ ఏ వేగంలో ఆగిందో ఆ వేగంలోనే ఎత్తుకున్నాడు. తర్వాత ఒక్కో దెబ్బ మధ్యా కాస్త ఎడం పెంచుతూ, ఒడ్డెక్కిన నీళ్లు వెనక్కి తీసినట్టు తీస్తూ, ఆ సముద్రపు తల్లి పాట గొణిగాడు. పంపే పాట. జవాబు కోసం మమ్మల్ని చూశాడు.

"ఉయ్యాలో" అన్నాను. నాకే వినపడలేదు. బావ అన్నాడు. తర్వాత అందరం అన్నాం, పెదవులు కదిలీ కదలకుండా, తొడల మీద చేతులతో.

మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ ఉయ్యాలో. మూడోసారో నాలుగోసారో, మాతో పాటు తమ్ముడి నోట్లోంచి ఒక ఉయ్యాలో వచ్చింది. పళ్లు విడిపోయాయి. ఆ గొంతు ఇంకా వాడిది కాదు, కానీ ఇందాకటి కోపం అందులో లేదు. పిల్లను ఊపుతున్న ఆడమనిషి అన్నట్టు ఉంది. ప్రతి జవాబుకూ కొంచెం కొంచెంగా దిగి, మోకాళ్ల మీదికి వచ్చి, పక్కకు ఒరిగాడు. ఊపిరి బయటికి వచ్చింది. డబ్బాలోంచి పసుపన్నం ఒక ముద్ద బావ వాడి నోట్లో పెడితే మింగాడు.

తలుపు తెరుచుకుంది. ముదీర్ బఖూర్ వాసన పీల్చాడు, మమ్మల్ని చూశాడు, పడుకున్నవాణ్ని చూశాడు. డ్రమ్ము కావిలించుకుని కూర్చున్న బ్రెజిల్ మనిషిని మాత్రం అర్థం కాక రెండుసార్లు చూశాడు.

"ఏష్ హాదా?" ఇదేమిటి అని.

"హరారా" అన్నాను. జ్వరం అని. వాడి ఒళ్లు నిజంగానే కాలుతోంది కాబట్టి నా పేరు చెడలేదు.

గోళీ వెయ్యండి, చాయ్ ఇవ్వండి, ఇంతమంది మీదపడి కూర్చోకండి అని చెప్పి వెళ్లిపోయాడు. ఆ చివరి సలహా మటుకు చాలా మంచిది. బావ గోడకు జారగిలబడి, "పోచమ్మకు జ్వరం గోళీ ఎయ్యమన్నోన్ని ఈనాడే జూసిన" అన్నాడు. అప్పుడు కూడా ఎవరూ నవ్వలేదు. బావకు అది కొత్త.

తమ్ముడు కళ్లు తెరిచేసరికి కిటికీ రగ్గు అంచుల్లో ఎండ పచ్చబడింది. బండి వచ్చే వేళ. లేచి కూర్చుని, ఎవరినీ చూడకుండా నన్నే అడిగాడు.

"ఏమన్నదన్నా?"

గదిలో అందరూ నా నోటి వైపు చూశారు. ఉండమన్నది అంటే చాలు. ఒక్క మాట. వాడు ఉండిపోతాడు, బలద్ సందుల్లో దాక్కునే బతుకు తప్పుతుంది. బావ కళ్లతో అదే చెప్పమంటున్నాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఉండమని చెప్పి, వీడు ఏడాదిపాటు ఈ రేకుల గదిలో మాట లేకుండా మగ్గితే? అది అమ్మ ఆజ్ఞ అనుకుని మగ్గుతాడు, నా ఆజ్ఞ అని తెలియకుండా.

"పొమ్మని అనలే. ఉండుమని అనలే" అన్నాను. "పిలిచినందుకు కోపం జేసింది. గద్దె ఏదన్నది. నేను అడిగిన. జవాబు సగంల ఉండంగనే ముదీర్ వచ్చిండు. తర్వాత బిగుసుకపోయినవు. మేస్త్రి పాట పాడిండు. అమ్మ ఉయ్యాలో అన్నది. గంతే."

"ఎవరన్నరు?"

"అమ్మనే. నీ నోటితోని."

"అమ్మ పాడిందా?" వాడు బావ వైపు తిరిగాడు. బావ తలూపాడు. "మా ఇంట్ల ఎన్నిసార్లు వచ్చినా తిట్టుడే. నన్నేమో తన్నింది కూడా. పాడుడు ఎన్నడు లేదు." తువ్వాల భుజం మీదికి లాక్కుని మేస్త్రి వైపు తిరిగాడు. "వాళ్ల పాటకు పాడిందా?"

మేస్త్రికి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైనట్టుంది. వాడి తడి తల మీద చెయ్యి పెట్టాడు.

గేటు బయట హారన్ మోగింది. రెండుసార్లు.

తమ్ముడు లేచి, గోడ పట్టుకుని ఒక్క క్షణం నిలబడి, బయటికి నడిచాడు. మేం రగ్గు ఒక మూల ఎత్తి చూశాం. తెల్ల పికప్. కిటికీలోకి వంగి మాట్లాడుతున్నాడు. డ్రైవరు చేతులు తిప్పుతున్నాడు. తలుపు తెరుచుకుంది. నా పక్కనెవరో "పోయిండు" అన్నారు. మేస్త్రి మాత్రం వెనకాల డ్రమ్ముకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు, పని అయిపోయినవాడిలా. తలుపు మళ్లీ గట్టిగా మూసుకుంది, లోపలి నుంచి. పికప్ దుమ్ము లేపుకుంటూ పోయింది. దుమ్ములో వాడు నిలబడే ఉన్నాడు.

వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆ నెలల్లో వాడు మాట్లాడిన అన్నిటికన్నా పొడుగు మాట అప్పుడు మాట్లాడాడు.

"ఎర్రల ఉన్న కంపెనీ నుంచి వేరే కంపెనీకి మారొచ్చని అంటున్నరు గదా. కఫీల్ సంతకం గూడ అక్కర్లేదట. నేను రేపు మక్తబ్‌కు పోయి దరఖాస్తు పెడ్త. ఒక్కన్ని పోతే ఎల్లగొడ్తరు. అమ్మ గూడ ఒక్కతే దిగలే, మీరందరు జవాబిస్తెనే దిగింది. నాతోని ఎవరొస్తరు?"

కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని, మక్తబ్ అంటే రాబిగ్ ఊళ్లోనే, చెక్‌పోస్టుకు ఇవతల ఉన్న లేబర్ ఆఫీసు. అక్కడికి పోయిన సంగతి సాయంత్రానికల్లా ముదీర్ చెవిన పడుతుంది. అందుకే అన్ని నెలలూ మాలో ఒక్కడూ ఆ మాట ఎత్తలేదు. ఇందాక ఉయ్యాలో అన్న నోళ్లన్నీ మళ్లీ మూతపడ్డాయి. వాడు అట్లాగే నిలబడ్డాడు, జవాబు వచ్చేదాకా దిగని పాటలాగా.

నా చెయ్యి లేచింది. తల గోక్కోవడానికి లేచిందా, ఇందుకే లేచిందా అని నన్ను చాలామంది అడిగారు. నేనూ నన్ను అడిగాను. పైకి లేచాక దాన్ని దించడం నాకు రాలేదు. బావ నా చేతిని చూసి, "ఈడే పోతుంటే ఇగ మనకేం రోగం" అని తన చెయ్యెత్తాడు. తర్వాత మరి ఇద్దరు.

పొద్దున్నే అయిదుగురం ఒక్క టాక్సీలో ఇరుక్కుని మక్తబ్‌కు బయలుదేరాం. తమ్ముడు ముందు సీటులో, కిటికీ దించుకుని కూర్చున్నాడు.